ఐదు గంటల సుత్తి

ఫాల్ రివర్,
10 జనవరి 1971

నా పేరు జెనొవేవా ఫుర్తాదో. వయసు డెబ్బై నాలుగు నిండి రెండు నెలలు. మగడు పోయి పందొమ్మిదేళ్ళు, కొడుకు గిల్ పోయి నాలుగేళ్ళు. ఇంట్లో ఉండేది కింది అంతస్తులో నేను, పంజరంలో పసుపు పిట్ట, నేలమాళిగలో నువ్వు బిగించి వెళ్ళిన నూనె బాయిలర్. మేడమీద ఒక మనిషి ఉంది. దాన్ని నా ఇంటి లెక్కలో వెయ్యను.

తమ్ముడు బెల్మీరోకి అక్క దీవెనలు. ఈ ఉత్తరం పక్కింటి పెర్పేతువా చేత రాయిస్తున్నాను. ఆమెకు నేనంటే పడదు. అందుకే పిలిచాను. పడనివాళ్ళు మన మాటకు చక్కెర అద్దరు. పోయినసారి చర్చి గురువుగారి చేత రాయిస్తే నా కోపమంతా వడగట్టి, నీకు ఒట్టి గంజి పంపించాడు. ఇది ఉత్తరమే గాని ఉత్తరం కాదు, ఫిర్యాదు. కింద నా గుర్తు ఉంటుంది, సాక్షులుంటారు.

అక్టోబరులో ఇల్లు వెచ్చబెట్టడం మొదలైన రోజు నుంచి, పొద్దున సరిగ్గా ఐదింటికి, మా ముందుగది గొట్టం మీద సుత్తితో కొడుతున్నారు. టంగు, టంగు. కాస్త ఆగి, మళ్ళీ టంగుటంగుటంగు. గోడమీద గిల్ ఫోటో అదురుతుంది. అది ఎలాంటి గది? పోయిన మే నెలలో చర్చి పండగ చీటీల్లో నా పేరు వచ్చి, పరిశుద్ధాత్మ కిరీటం వారం రోజులు కొలువున్న గది. వీధి వీధంతా వచ్చి మోకరిల్లిన గది. అందులో ఇప్పుడు కమ్మరి కొలిమి.

కొట్టేది ఎవరు? గొట్టం పైకి పోతుంది. పైన మా కోడలు ఇదలీనా ఉంది. కుట్టు మిల్లుకు పోవాలి గనక ఐదింటికి దాని పాదాలు నేలమీద పడతాయి. పాదాలు పడ్డమే తడవు, సుత్తి. ఇంకేం రుజువు కావాలి? నేనూ ఊరుకోలేదు. సూపు గరిటె పట్టుకుని తిరిగి కొట్టాను. అది ఇంకా గట్టిగా కొట్టింది.

మాటలు లేక రెండేళ్ళు. నీకు తెలుసు ఎందుకో. గిల్ పోయిన రెండో ఏడు తిరక్కముందే నల్లబట్టలు విడిచింది. నీలం జాకెట్టు! నేను పందొమ్మిదేళ్ళ నుంచి నలుపులో ఉన్నాను. "అత్తయ్యా, మిల్లులో నల్లబట్ట మీద దూది కనపడుతుంది, ఫోర్‌మన్ తిడుతున్నాడు" అంది. దూదికి భయపడి మొగుణ్ణి మరిచిపోయింది.

ఇల్లు మనిద్దరి పేరా ఉంది. ఖాళీ చెయ్యమనాలంటే ఇద్దరి సంతకాలూ కావాలని వకీలు అన్నాడు. కాగితం జత చేశాను. సంతకం పెట్టి పంపు. మార్చి నడిమికి పోవాలి. మంచులో పొమ్మనను, నేనేం రాక్షసిని కాను. దాన్ని పంపితే గాని నాకు కంటిమీద కునుకు లేదు. నిద్రే కరువయ్యాక మనిషి దగ్గర ఇంకేం మిగులుతుందిరా?

+ జెనొవేవా ఫుర్తాదో గుర్తు
సాక్షులు: పెర్పేతువా (రాసింది నేనే), రొట్టెల బండి సెరఫీం


నొర్దెస్తె, సావ్ మిగెల్ ద్వీపం
21 జనవరి 1971

అక్కా,

నీ ఆశీర్వాదం కోరుతూ రాస్తున్నాను. ఇక్కడ వారం నుంచి పొగమంచు. గొడ్డు ఈనింది, దూడ ఆడది. నా మోకాళ్ళు మునుపటి లాగే ఉన్నాయి, అంటే బాగాలేవు.

కాగితం చేరింది. సంతకం పెట్టలేదు. ముప్పై ఏళ్ళు అక్కడి నూలుమిల్లు బాయిలర్ గదిలో బతికినవాణ్ణి, మోగే ప్రతి గొట్టం వెనకా మనిషే ఉంటాడంటే నమ్మలేను. ఆవిరి కూడా కొడుతుంది అక్కా. మనిషికంటే గట్టిగా కొడుతుంది. దాని దారికి నీళ్ళు అడ్డమొస్తే చాలు.

కాబట్టి ముందు నేలమాళిగలోకి దిగు. బాయిలర్ పక్కన నిలువుగా గాజు గొట్టం ఉంటుంది. అందులో నీళ్ళు ఎంతవరకు ఉన్నాయో చూడు. సగం ఉండాలి. దాని కింద పచ్చ పిడి వాల్వు తిప్పి వారం వారం బకెట్టు నీళ్ళు వదలమన్నాను, వదులుతున్నావా? తుప్పు నీళ్ళు తేటపడేదాకా వదలాలి. ఇంకొకటి, బర్నర్ మీద ఎర్ర బొత్తాం ఉంది. మంట ఆరిపోతే దాన్ని ఒక్కసారి నొక్కొచ్చు. రెండోసారి నొక్కకు. వెలగకపోతే నూనె కంపెనీ మనిషిని పిలిపించు. ఇది మాత్రం పెర్పేతువాగారు రెండుసార్లు చదివి వినిపించాలి.

బర్నర్‌ను రోజూ ఐదింటికి వెలిగేలా గడియారం పెట్టింది నేనే, జనం లేచేసరికి ఇల్లు వెచ్చగా ఉండాలని. మరి ఐదింటికి లేచేది ఇదలీనా ఒక్కతేనా, బాయిలర్ కూడానా? ఆదివారం మిల్లు లేదు కదా. ఆదివారం కూడా మోగుతుందా? ఆదివారం ఆ పిల్ల ఎన్నింటికి లేస్తుంది?

జవాబులు రాయించు. తర్వాత సంతకం సంగతి.

నీ తమ్ముడు
బెల్మీరో


ఫాల్ రివర్,
1 ఫిబ్రవరి 1971

నా పేరు మారలేదు. వయసు మూడు వారాలు పెరిగింది. ఇంట్లో నేను, పసుపు పిట్ట. పిట్ట ఇప్పుడు పసుపు కాదు, కారణం కింద రాయిస్తాను.

తమ్ముడూ, దూడ పుట్టినందుకు సంతోషం. నేను సంతకం అడిగితే నువ్వు ప్రశ్నలు పంపావు. చిన్నప్పుడూ అంతే, బావినుంచి నీళ్ళు తెమ్మంటే బావి ఎంత లోతని అడిగేవాడివి.

నీ ఉత్తరం మంగళవారం అందింది. జరగాల్సింది అంతకుముందు శనివారమే జరిగిపోయింది. ఆ పొద్దున బర్నర్ వెలగలేదు. ఇల్లు సమాధిలా ఉంది. దిగివెళ్ళి ఎర్ర బొత్తాం నొక్కాను. గురగురమని ఊరుకుంది. సరే, ఒక మరియ జపం చెప్పి మళ్ళీ నొక్కాను. అలా జపానికొక నొక్కు. పదో జపానికి వెలిగింది. ఏం వెలగడం! ఢామ్మని పేలి, పొగగొట్టం ఊడి, నల్లమసి మేడమెట్ల దాకా తన్నింది. ఆరేసిన దుప్పట్లు, నా మొహం, పిట్ట, అన్నీ ఒకటే రంగు. ఇదలీనా రాత్రిచొక్కాతో పరుగెత్తుకొచ్చి మెట్ల పైనున్న ఎర్ర స్విచ్చి టప్పున ఆర్పేసింది. ముసలిదాన్ని మసిలో వదిలేసి, పైగా వేడి కట్టేసింది! ఆ రాత్రంతా ఇల్లు మంచుగడ్డ. పడుకోబోతూ తలుపు తీస్తే గుమ్మంలో మడత దుప్పటి ఒకటి పడి ఉంది. దాన్ని కాలితో తాకలేదు.

మర్నాడు నూనె కంపెనీ మనిషి వచ్చాడు. టాంకు అడుగు బురద వచ్చి ఫిల్టరు పూడుకుపోయిందన్నాడు. శుభ్రం చేశాడు, మంట కుదిరింది. ఆ స్విచ్చి ఎవరు ఆర్పారని అడిగాడు. "మా శత్రువు" అన్నాను. వాడు నన్ను ఒక రకంగా చూశాడు.

గాజు గొట్టంలో నీళ్ళు మెడదాకా ఉన్నాయి. నేనే నింపాను. సగం గ్లాసు ఎవరికైనా ఇస్తామా మన ఇంట్లో? బకెట్టు నీళ్ళు వదిలాను, సెరఫీం మోశాడు, కాఫీ రంగులో ఉన్నాయి. ఆదివారం కూడా మోగుతుంది. ఆదివారం ఇదలీనా ఎనిమిదింటికి లేస్తుందట, పెర్పేతువా అంటోంది. నేను నమ్మను. పంతమున్న మనిషి నిద్ర మానుకుని లేచి కొట్టి మళ్ళీ పడుకుంటుంది. నేనైతే అలాగే చేస్తాను.

నీకు రుజువు కావాలి కదా. నా దగ్గర ఇంకొకటి ఉంది. సుత్తికంటే పెద్దది. అది కాగితం మీద పెట్టకూడనిది. పేరెత్తితే బలపడుతుంది. నీ మీద నమ్మకం ఉంటే అడక్కుండా సంతకం పెట్టు. పెట్టకపోతే నాకు తమ్ముడు లేడనుకుంటాను. రాయి పెర్పేతువా, ఆగకు. లేడనుకుంటాను.

(పై మాట రాయనని అన్నాను. రాయమంది. —పె.)

+ జెనొవేవా ఫుర్తాదో గుర్తు
సాక్షులు: పెర్పేతువా, సెరఫీం


నొర్దెస్తె,
11 ఫిబ్రవరి 1971

అక్కా,

ఆశీర్వాదం ఇస్తావో ఇవ్వవో తెలియదు, అడుగుతూనే ఉన్నాను.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఒక్కో నొక్కుకూ చెంబెడు నూనె లోపల మడుగు కట్టింది. పదో నొక్కుకు అదంతా ఒక్కసారి అంటుకుంది. ఆ స్విచ్చి ఆర్పకపోతే నువ్వు ఈ ఉత్తరం వినేదానివి కాదు. ఆ పిల్ల వేడి కట్టెయ్యలేదు, నిన్ను బతికించింది. ఆ స్విచ్చి ఎక్కడుందో ఆ ఇంట్లో ఇద్దరికే చూపించాను. ఒకడు గిల్. రెండోది ఇదలీనా. నీకూ చూపిస్తానంటే "నాకెందుకు, నువ్వున్నావుగా" అన్నావు.

గాజు మెడదాకా నింపితే ఆవిరితో పాటు నీళ్ళు కూడా గొట్టాల్లోకి ఎగజిమ్ముతాయి. అది అతిథి గ్లాసు కాదు. సగానికి దించు. సగం చప్పుడు అక్కడే చస్తుంది.

మిగతా సగం సంగతి. ముందుగదిలో గొట్టాల చివర వేడెక్కే ఆ ఇనప రేడియేటర్ల మీద అంచుదాకా నీళ్ళు పోసిన గిన్నె పెట్టి, ఎటువైపు ఒలికిందో రాయించు. ఎటు ఒలకాలో నేను చెప్పను. చెబితే నువ్వు అటే ఒలికిందని రాయిస్తావు.

సంతకం పెట్టి కాగితం పంపుతున్నాను. ఎందుకో నాకే తెలియదు. నిన్న మూడుసార్లు బయటికి వెళ్ళి గొడ్డును చూసి వచ్చాను, గొడ్డుకేమీ కాలేదు. డెబ్బై ఏళ్ళ వయసులో ఉన్న ఒక్క అక్కనూ ఒక చప్పుడు కోసం పోగొట్టుకోలేను. కానీ నామీద ఒట్టు, ఆ నీళ్ళు దించి, ఆ గిన్నె పెట్టి, ఆ తర్వాతే కాగితం వాడు. ఆ రెండో రుజువేదో అది కూడా రాయించు. పేరెత్తితే బలపడేది దయ్యం కాదక్కా, అనుమానం.

బెల్మీరో


ఫాల్ రివర్,
23 ఫిబ్రవరి 1971

జెనొవేవా ఫుర్తాదో, డెబ్బై నాలుగు. ఇంట్లో నేను, మూడుసార్లు కడిగినా బూడిద రంగులో ఉన్న పిట్ట.

తమ్ముడూ, సంతకం అందింది. దేవుడు నీ మోకాళ్ళు బాగుచెయ్యాలి. నువ్వు చెప్పినవన్నీ చేశాకే కాగితం వాడాను, ఒట్టు తప్పలేదు.

నీళ్ళు సగానికి దించాను. నిజమే, వంటింట్లో గుడగుడ పోయింది. ముందుగదిలో సుత్తి మాత్రం పోలేదు. గిన్నె పెట్టాను, రెండు రేడియేటర్ల మీదా. ఎటూ ఒలకలేదు. తాపీమేస్త్రీ గుండు కట్టి చూసినట్టు సమంగా నిలబడ్డాయి నీళ్ళు. అంటే నీ బాయిలర్‌లో దోషం లేదు. నీ పనితనాన్ని నేనే కాపాడాను, చూశావా? ఇక మిగిలింది మేడమీద మనిషే.

ఇప్పుడు ఆ రెండోది. తలుపులు మూసి, ఉప్పు చల్లి రాయిస్తున్నాను.

పోయిన మేలో కిరీటం రాబోయే ముందు శుక్రవారం ముందుగది నేలంతా మోకాళ్ళ మీద తోమాను. రేడియేటర్ కింద గుడ్డ పెట్టి లాగుతుంటే ఏదో మెరిసింది. వంగి చూస్తే దాని ఇనప కాలి కింద రాగి. సెంటు నాణేలు. గొట్టం ఉన్న వైపు కాదు, అవతలి చివరి రెండు కాళ్ళ కింద, చెరి రెండు. రెండో రేడియేటర్ చూస్తే దాని కిందా అలాగే. ఎనిమిది! దారి తప్పి దొర్లినవి కావు, ఒకదానిమీద ఒకటి పేర్చి, కాలికింద సరిగ్గా అమర్చినవి. మా అమ్మమ్మ చెప్పేది, నీకు గుర్తుందో లేదో. ఇంటి యజమానురాలిని ఇంట్లోంచి సాగనంపాలంటే ఆమె కూర్చునే చోట, ఇనప కాలికింద రాగి పెడతారట. గిల్ ఎందుకు పోయాడో, ఆనాడు నాకు తెలిసింది. నలభై రెండేళ్ళవాడు గుండె ఆగి పోతాడా?

సెరఫీంను పిలిచి ఇనప కమ్మీతో కాళ్ళెత్తించి అన్నీ తీశాను. చేతితో ముట్టలేదు. ఉప్పునీళ్ళలో కడిగి, కిరీటం ముందు పళ్ళెంలో వేశాను. పరిశుద్ధాత్మ చూసుకుంటుందని వదిలేశాను. అక్టోబరులో వేడి మొదలు కాగానే సుత్తి మొదలైంది. పెట్టినవి పోయాయని తెలుసుకుని కోపంతో కొడుతోంది. ఇప్పుడు చెప్పు, ఎవరి అనుమానం?

పోయిన శనివారం కాగితం దాని తలుపు కింద తోశాను. మార్చి పదిహేనుకు న్యూ బెడ్‌ఫర్డ్‌లో పెద్దమ్మ కూతురి దగ్గరికి పోతుందట. నిమ్మకు నీరెత్తినట్టు ఉంది. ఒక్క మాట అడగడానికి కిందికి రాలేదు. పెట్టెలు మెట్లమీదికి వస్తున్నాయి. నేను లెక్కపెడుతూ పడుకుంటున్నాను. నిద్ర ఇంకా రాలేదు.

+ జెనొవేవా ఫుర్తాదో గుర్తు
సాక్షులు: పెర్పేతువా, సెరఫీం (కమ్మీ పట్టింది నేనే. దాంట్లో తప్పుందని అప్పుడు తెలియదు.)


నొర్దెస్తె,
4 మార్చి 1971

అక్కా,

కుశలాలు తర్వాత. ఈ ఉత్తరం పదిహేను లోపల అందాలని పొంత దెల్గాదా పట్నం దాకా బస్సులో వెళ్ళి, విమానం టపాలో నా చేతులతో వేస్తున్నాను.

ఆ నాణేలు పెట్టింది నేను.

మళ్ళీ చెబుతున్నాను, పెర్పేతువాగారూ, గట్టిగా చదవండి. పెట్టింది నేను. 1953 నవంబరులో, రేడియేటర్లు బిగించినప్పుడు. మన ఇంట్లో ఆవిరి పైకి వెళ్ళేదీ, చల్లారి నీళ్ళై దిగేదీ ఒకే గొట్టం. అందుకని రేడియేటర్ అవతలి చివర రవంత ఎత్తుండాలి. నీళ్ళు జారి గొట్టంలోకి దిగిపోవాలి. సమంగా ఉంటే నీళ్ళు కడుపులోనే నిలుస్తాయి. ఐదింటికి ఆవిరి ఉరికొచ్చి ఆ నీళ్ళను లేపి ఇనప గోడకేసి కొడుతుంది. నువ్వు వింటున్న సుత్తి అదే. గిన్నెలో నీళ్ళు గొట్టం వైపు ఒలకాలి అక్కా. సమంగా నిలబడ్డాయంటే అదే రోగం.

మొదట చెక్కముక్కలు పెడదామనుకున్నాను. గిల్ ఒప్పుకోలేదు. "మామయ్యా, ఇక్కడ నీళ్ళు కారతాయి, చెక్క కుళ్ళుతుంది. రాగి కుళ్ళదు" అని జేబులో చిల్లర బయటికి తీశాడు. బస్సుకని ఉంచుకున్న డబ్బు. ఆ వారం అద్దకం మిల్లుకు నడిచి వెళ్ళాడు. పైన కింద కలిపి ముప్పై రెండు నాణేలు. మేడమీద ఇదలీనా గదుల్లో కూడా ఉన్నాయి, ఇప్పటికీ ఉండే ఉంటాయి. తన గదుల్లో తనమీద తనే చేతబడి చేసుకుంటుందా?

ఇంకొక మాట. రేడియేటర్ ఎత్తి పట్టింది గిల్, నాణేలు కిందికి తోసింది ఇదలీనా. పెళ్ళై ఏడాది. మీ ముందుగది పెద్ద రేడియేటర్ దగ్గర గిల్ చెయ్యి జారింది. ఆ పిల్ల ఎడమచేతి బొటనవేలు దాని కింద నలిగింది. కేక వెయ్యలేదు. నువ్వు వంటింట్లో తీపిరొట్టె పిండి పొంగబెట్టి ఉన్నావు, చప్పుడైతే పిండి కుంగుతుందని తిడతావని భయం. గోరు నల్లబడి ఊడి, వంకరగా వచ్చింది. పద్దెనిమిదేళ్ళుగా ఆ వంకర గోరు చూస్తూనే ఉన్నావు.

తప్పు నాదే. చెప్పి వెళ్ళాల్సింది. సంతకం పెట్టడం అంతకంటే పెద్ద తప్పు. వెళ్ళు అక్కా. మెట్లెక్కు.

బెల్మీరో


ఫాల్ రివర్,
15 మార్చి 1971

నా పేరు జెనొవేవా ఫుర్తాదో. వయసు డెబ్బై నాలుగు. ఇంట్లో ఎంతమందో ఈ ఉత్తరం చివర రాయిస్తాను.

తమ్ముడూ, నీ ఉత్తరం పన్నెండో తారీకు శుక్రవారం మధ్యాహ్నం వచ్చింది. పెర్పేతువా ఒకసారి చదివింది. రెండోసారి చదవమన్నాను. మూడోసారి చదవమంటే, "వినపడక కాదు దొడ్డమ్మా, వినబుద్ధి కాక అడుగుతున్నావు" అంది. దాన్ని ఇంటికి పంపించాను. కూర్చున్నాను. లేచాను. స్టవ్ మీద సూపు అడుగంటింది. పిట్టకు రెండుసార్లు నీళ్ళు పెట్టాను. ఇదలీనా మిల్లునుంచి వచ్చే చప్పుడైంది. మెట్ల దాకా వెళ్ళి, కర్ర మరిచానని వెనక్కి వచ్చాను. కర్ర చేతిలోనే ఉంది.

రెండేళ్ళ తర్వాత ఆ మెట్లెక్కాను. పద్నాలుగు. పెట్టెల మధ్య పక్కకు తిరిగి నడవాల్సి వచ్చింది. తలుపు తీసింది. అదే నీలం జాకెట్టు.

"ఏం అత్తయ్యా? ఎన్ని పెట్టెలయ్యాయో లెక్క చూసుకోవడానికొచ్చారా? తొమ్మిది. దుప్పట్లు మీవేవీ పెట్టుకోలేదు, విప్పి చూసుకోండి."

"నీ బొటనవేలు చూపించు" అన్నాను.

"ఏమిటీ?"

"ఎడమది. చూపించవే."

మతి పోయిందనుకుంది. చెయ్యి చాపింది. పట్టుకుని చూశాను. వంకర గోరు. ఎండిన శనగగింజలా ఉంది. పిండి కుంగుతుందని ఏడవకుండా నిలబడిన గోరు. నా నోట మాట రాలేదు. నాకు! పెర్పేతువా నవ్వుతోంది. నవ్వనీ.

"రేడియేటర్ కింద నలిగిందట కదా" అన్నాను చివరికి. "నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే ఏమనేవారు?"

"చూసుకుని పెట్టొద్దా చెయ్యి, అనేదాన్ని."

"అందుకే చెప్పలేదు."

నీ ఉత్తరం చేతికిచ్చాను. నిలబడే చదివింది. నాణేల దగ్గరికి వచ్చేసరికి కూర్చుంది. తర్వాత నన్ను చూసి అడిగింది, "అయితే పొద్దున్నే కొట్టేది మీరు కాదా?"

"నేనా?"

"అక్టోబరు నుంచీ మీరే కొడుతున్నారనుకున్నాను. నన్ను పొమ్మనడానికి. మధ్య మధ్య గరిటె చప్పుడు వేరేగా వినపడేది, అది మీదేనని తెలుసు. మిగతావీ మీవే అనుకున్నాను. ఈ వయసులో ముసలావిడకు ఇంత బలమెక్కడిదా అని ఆశ్చర్యపోయేదాన్ని." నవ్వలేదు. నేనూ నవ్వలేదు. ఇద్దరం నేలకేసి చూశాం.

ఎనిమిది నాణేలు కావాలన్నాను. నావి కిరీటం పళ్ళెంలో పోయాయి. పోతే పోయాయి, వాడి చిల్లర వాడి ఆత్మ పేరనే చేరింది. ఇదలీనా లోపలికి వెళ్ళి ఒక గాజు సీసా తెచ్చింది. నిండా చిల్లర. గిల్ రాత్రిపూట జేబు ఖాళీ చేసి వేసేవాడట. వాడు పోయిన రోజు నుంచి మూత తియ్యలేదు. మూతకు తుప్పుపట్టి, ఇద్దరం పట్టి తిప్పితే గాని రాలేదు. కానీ సీసా మీద దుమ్ము లేదు తమ్ముడూ. నాలుగేళ్ళు తుడుస్తూ ఉంది. నలుపు ఒంటిమీద ఉంటే చాలదని నాకెవరూ చెప్పలేదు.

ఎనిమిది తీసింది. మూత మళ్ళీ బిగించింది.

శనివారం సెరఫీం రొట్టెలతో వచ్చినప్పుడు కమ్మీ తెమ్మన్నాను. "మళ్ళీనా?" అన్నాడు. వాడు ఎత్తాడు, ఇదలీనా తోసింది. "వేలు! వేలు చూసుకోవే!" అని నేను వీధంతా వినపడేలా అరిచాను. పద్దెనిమిదేళ్ళు ఆలస్యంగా. గిన్నె పెట్టాం. నీళ్ళు గొట్టం వైపు ఒలికి ముందుగది చాప తడిసింది. అంత బాగా తడిసిన చాపను నేను ఎన్నడూ చూడలేదు.

ఆదివారం. నాలుగింటికే లేచి మంచంమీద కూర్చున్నాను. ఐదైంది. కింద బర్నర్ అంటుకుంది. గొట్టాల్లో ఊపిరి తీసిన చప్పుడు, రేడియేటర్ మూతి దగ్గర సన్నని బుస. ఇప్పుడు కొడుతుంది, ఇప్పుడు కొడుతుందని పళ్ళు బిగబట్టాను. ఏమీ లేదు. ఇల్లు వెచ్చబడింది. ఐదు నెలలు తిట్టిన చప్పుడు లేకపోతే పడుకోలేకపోయాను. ఈ పోరు ఎక్కడ పెట్టుకోను ఇప్పుడు?

ఐదుంబావుకు పైనుంచి ఒక్కటి. టంగు. మెల్లగా. ఆవిరి కాదు, మనిషే. ఆదివారం ఎనిమిదింటి దాకా పడుకునే మనిషి.

గరిటె వెతికాను. కనపడలేదు. చేతికర్రతో కొట్టాను. ఒకటే కొడదామనుకున్నాను, మూడు పడ్డాయి.

నీ సంతకం ఉన్న కాగితం ఇందులో పెట్టి తిప్పి పంపుతున్నాను. నీ దగ్గరే ఉంచుకో. నేనడిగినా మళ్ళీ ఇవ్వకు. పెట్టెలు ఇంకా మెట్లమీదే ఉన్నాయి. ఆరు విప్పింది. మూడు విప్పలేదు. నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. ఈ రాత్రికి సూపు కిందే తాగుతుందట. నీలం జాకెట్టు సంగతి నేను ఇంకా ఒప్పుకోలేదని రాయి, పెర్పేతువా.

ఇంట్లో ఉండేది: కింద నేను, పిట్ట. పైన నా కోడలు ఇదలీనా. నేలమాళిగలో బాయిలర్, గాజులో నీళ్ళు సగం.

+ జెనొవేవా ఫుర్తాదో గుర్తు
సాక్షులు: పెర్పేతువా
ఇదలీనా ఫుర్తాదో